నాన్న ఇంట్లో లేరు

పేపరు రాగానే ఇంట్లో అందరూ మొదటి పేజీ కోసం చూస్తారు. నేను మాత్రం వెనకెక్కడో ఉండే ప్రకటనల పేజీ తిప్పుతాను. బ్యాంకులు వేయించే స్వాధీన ప్రకటనలు అక్కడుంటాయి. సన్నటి అక్షరాల్లో అప్పు తీసుకున్నవాళ్ల పేరు, తండ్రి పేరు, ఇంటి నంబరు, తూర్పున ఫలానావారి ఇల్లు, పడమర ఇరవై అడుగుల రోడ్డు. ఒక్కటి కూడా వదలను. రాశిఫలాలైనా ఇంత శ్రద్ధగా ఎవరూ చదవరని మా ఆయన వెక్కిరిస్తారు. మొన్న ఆదివారం అలా చదువుతుంటే ఒక చిరునామా దగ్గర చూపు ఆగిపోయింది. నాంపల్లి స్టేషను వెనక గల్లీ, ఒకప్పుడు మేమున్న గల్లీయే. పేరు మాత్రం నాకు తెలియనివాళ్లది. నంబరు చూస్తే మా ఇంటికి మూడిళ్ల అవతల అయ్యుండాలి. ఆ ఇంట్లో కూడా గుమ్మం దగ్గర నిలబడి అబద్ధం చెప్పే పిల్ల ఉందేమోనని ఆ ప్రకటన మళ్లీ మొదటి నుంచి చదివాను.

ఎందుకంటే ఒక వేసవంతా నేను చేసిన పని అదే. అప్పుడు నాకు పదకొండేళ్లు.

రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు మారినప్పుడు ఫైళ్లతో పాటు వచ్చిన గుమాస్తాల్లో మా తాతగారొకరు. వచ్చిన నెలలోనే నాంపల్లిలో రెండు గదులూ ఒక వసారా ఉన్న ఇల్లు కిరాయికి తీసుకున్నారట. ఆయన పోయారు గానీ కిరాయి పోలేదు. స్టేషను మైకులో చెప్పేవన్నీ మా వంటింట్లోకి వినిపించేవి. నాయనమ్మకు గడియారం అక్కర్లేదు, రైళ్లను బట్టే పప్పు పొయ్యి మీద పెట్టేది. ఏదైనా రైలు ఆలస్యమైతే ఆ పూట మా భోజనమూ ఆలస్యమే.

ఓనరు ఇల్లు అమ్మేస్తానన్నాడు. మీరు కొంటారా ఖాళీ చేస్తారా అని అడిగాడు. నాన్న అబిడ్స్‌లోని ఒక సహకార బ్యాంకులో ఇంటి కాగితాలు పెట్టి అప్పు తీసుకుని కొన్నారు. రిజిస్ట్రేషను అయిన రోజు నాయనమ్మ బేగం బజారు నుంచి అరకిలో మేకులు తెప్పించింది. అన్నేళ్లూ ఓనరు గోడకు ఒక్క మేకు కొట్టనివ్వలేదట. ఆ సాయంత్రం నాన్న చేత ఇల్లంతా కొట్టించింది. వాటిలో సగానికి తగిలించడానికి మా దగ్గర ఏమీ లేదు. పక్కింటివాళ్లు ఏంటీ చప్పుడని వస్తే, "మా ఇల్లమ్మా, మా ఇష్టం" అని నాయనమ్మ గర్వంగా చెప్పడం నాకు బాగా గుర్తు.

నాన్న టైపిస్టు. నాంపల్లి కోర్టు ప్రహరీ పక్కన టార్పాలిను కింద ఒక బల్ల, దాని మీద రెండు మిషన్లు. ఒకటి ఇంగ్లీషుది, ఒకటి తెలుగుది. వకీళ్లు చెబుతుంటే నోటీసులూ అఫిడవిట్లూ అర్జీలూ కొట్టేవారు. రిబ్బను సిరా, మిషను నూనె, కార్బన్ పేపరు కలిసిన వాసన ఆయన చొక్కాకే కాదు, అన్నం కలిపే వేళ్లకూ ఉండేది. నాకు ఆ వాసన ఇష్టం. బడి లేని రోజుల్లో వెళ్లి బల్ల కింద కూర్చునేదాన్ని. నాన్న ఇరానీ చాయ్ తెప్పించి సాసర్‌లో సగం నాకు పోసేవారు, రెండు ఉస్మానియా బిస్కట్లిచ్చేవారు. వాడేసిన కార్బన్ కాగితంతో మూతి మీద మీసం దిద్దుకుని నేను కూడా వకీలునని కక్షిదారులను అడ్డగించేదాన్ని. ఒకసారి పాపం ఒక ముసలాయన నిజంగానే తన కేసు చెప్పడం మొదలుపెట్టాడు.

మా నాన్న కూడా అంతే. గల్లీలో ఆయన్ని సగం లాయరు అనేవారు. వెక్కిరింతే గానీ ఆయన దాన్ని బిరుదులాగే పుచ్చుకున్నారు. టైపు చేయడంతో ఊరుకోకుండా వచ్చినవాళ్లకు సలహాలిచ్చేవారు. అన్నిట్లోకీ ఆయనకు నమ్మకమున్న సలహా ఒకటుంది. రిజిస్టర్డు కవరు వస్తే ముట్టుకోవద్దు. సంతకం పెడితేనే నోటీసు అందినట్టు, అందని నోటీసుకు జవాబిచ్చే పనే లేదు. కవరు తీసుకోకుండా నాలుగేళ్లు ఇల్లు ఖాళీ చేయని ఒక కిరాయిదారు కథ చెప్పేవారు. ఆ కిరాయిదారు చివరికేమయ్యాడో మాత్రం ఎప్పుడూ చెప్పలేదు, బహుశా ఆయనకూ తెలియదు.

తర్వాత కోర్టుకు ఎదురుగా అద్దాల తలుపు కొట్టొకటి తెరిచారు. ఒక కుర్రవాడు, రెండు కంప్యూటర్లు. తప్పు పడితే కాగితం మొత్తం మళ్లీ కొట్టక్కర్లేదు. వకీళ్లు ఒక్కొక్కరే రోడ్డు దాటి అటు వెళ్లిపోయారు. కరెంటు పోతే మళ్లీ అందరూ నా దగ్గరికే రావాలి అని నాన్న నవ్వేవారు. నిజంగానే కరెంటు పోయిన రోజుల్లో మా ఇంట్లో కూరతో పాటు వేపుడూ ఉండేది. ఆ కుర్రవాడు ఇన్వర్టరు కొన్నాడు. దాంతో వేపుడూ పోయింది, నవ్వూ పోయింది.

బ్యాంకు వాయిదా మొదట ఒక నెల తప్పింది, తర్వాత వరసగా తప్పింది. ఈ సంగతి నాకు తెలియదు. అమ్మకు రెండు నెలలని మాత్రమే తెలుసు. ఎండలు ముదిరేసరికి కోర్టు దగ్గర జనం కూడా పలచబడి నాన్న పదింటికే ఇంటికొచ్చేవారు. సరిగ్గా పదకొండుకు గల్లీలో పోస్ట్‌మాన్ సైకిలు బెల్లు మోగేది.

మొదటి కవరు వచ్చిన రోజు నాన్న నన్ను లోపలి గదిలోకి పిలిచి భుజాల మీద చేతులు వేశారు. పోస్ట్‌మాన్ వస్తున్నాడు, నాన్న ఇంట్లో లేరని చెప్పు, ఎక్కడికెళ్లారంటే ఊరెళ్లారని చెప్పు అన్నారు. ఎందుకని నేను అడగలేదు. నాటకంలో వేషం ఇచ్చినంత సంబరపడ్డాను. గేటు దగ్గరికి పరుగెత్తి, అడగకముందే నాన్న లేరని చెప్పేశాను.

పోస్ట్‌మాన్ పెద్దవాడు. ఖాకీ చొక్కా వీపంతా చెమటతో నల్లబడి ఉండేది. గల్లీలో ఎవరి కొడుక్కి ఉద్యోగం వచ్చిందో, ఎవరి మనియార్డరు ఆగిందో ఇంట్లోవాళ్ల కంటే ముందు ఆయనకే తెలుసు. నన్ను చూసి, నా వెనక మెట్టు మీద ఉన్న నాన్న చెప్పులు చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఏడికి పోయిండు పాపా?"

"తెనాలి."

"ఎప్పుడొస్తడు?"

ఆ మాట నాన్న నేర్పలేదు. పని అయ్యాక వస్తారన్నాను. ఆయన చెవి మీద నుంచి పెన్సిలు తీసి కవరు మీద ఏదో రాసుకుని వెళ్లిపోయాడు. ఆ సాయంత్రం నాన్న నాకు మిర్చిబజ్జీలు తెచ్చారు. పిల్ల చేత అబద్ధాలేంట్రా అని నాయనమ్మ సణిగితే, అబద్ధం కాదమ్మా ప్రొసీజరు అన్నారు. నేను ఆ మాట రెండు రోజులు ప్రతిదానికీ వాడాను. పాలు తాగకపోయినా ప్రొసీజరే, స్నానం ఎగ్గొట్టినా ప్రొసీజరే.

రెండో కవరుకు తిరుపతి అన్నాను. మూడో కవరుకు విజయవాడ. "మీ నాయిన మస్తు తిరుగుతుండు" అన్నాడు పోస్ట్‌మాన్. నవ్వలేదు. మెట్టు మీద చెప్పులు అలాగే ఉన్నాయి. చెప్పులు లోపల పెట్టాలన్న ఆలోచన సగం లాయరుకూ రాలేదు, నాకూ రాలేదు.

అప్పటికి నాకు అది ఆటగా లేదు. పదిన్నర నుంచే గడియారం చూసేదాన్ని. బెల్లు వినపడితే అమ్మ వంటింట్లో గిన్నెలు కడుగుతున్నట్టే ఉండి కడగడం ఆపేసేది. నాన్న లోపలి గది తలుపు వెనక ఊపిరి బిగబట్టి నిలబడేవారు, తలుపు సందులోంచి ఆయన బనీను కనపడేది. ఒకరోజు మామిడికాయ ముక్కలు ఉప్పూ కారం అద్దుకుని తింటున్నాను. బెల్లు మోగింది, ముక్క నోట్లోనే ఉండిపోయింది. ఆ బెల్లు పక్కింటికని తెలిశాక కూడా మింగలేకపోయాను.

అమ్మ ఒకసారి గట్టిగానే అడిగింది, అసలు ఎంత బాకీ ఉంది, బ్యాంకుకు వెళ్లి మాట్లాడొచ్చు కదా అని. వెళ్తే మనం ఒప్పుకున్నట్టవుతుందని, అందులో లోతు నీకు తెలియదని, తను చూసుకుంటానని నాన్న చెప్పారు. తలుపు వెనక దాక్కునే మనిషి చూసుకుంటానంటే నమ్మాలో వద్దో అమ్మ ముఖంలో కనిపించేది.

నాలుగో కవరు వేరుగా ఉంది. మొదటి మూడూ గోధుమరంగువి, పొట్టివి. ఇది తెల్లగా పొడుగ్గా ఉంది. పోస్ట్‌మాన్ ఆ రోజు సైకిలు స్టాండు వేసి గోడ నీడలో కూర్చుని మంచినీళ్లడిగాడు. కూజాలోంచి చెంబుతో తెచ్చిచ్చాను. తాగి, చెంబు పక్కన పెట్టి, నాతో మాట్లాడుతూనే గొంతు పెంచాడు. చూపు నా మీద లేదు, కిటికీ మీదుంది.

"పాపా, మీ నాయిన వచ్చినంక చెప్పు. గా మూడు వకీలు పంపినయి. గిది వకీలుది గాదు, బ్యాంకోళ్లే పంపిన్రు. లోపల ఏమున్నదో నాకెర్కలేదు. గని ముప్పై ఏండ్ల సంది కవర్లు పంచుతున్న. తీసుకోకుంటే ఆగిపోయిన కష్టం నేనైతే ఒక్కటి సూడలే."

నేను తల ఊపాను.

"ఏడు దినాలు పోస్టాఫీసుల ఉంచుత" అని లేచాడు. "మనసు మారితే వచ్చి తీసుకొమ్మను."

ఆయన మలుపు తిరిగే దాకా ఆగి నాన్న బయటికొచ్చారు. అంతా విన్నారు. నేను మళ్లీ చెప్పబోతే చేత్తో ఆపారు. "చూశావా, సంతకం కోసం కవరు మార్చారు" అన్నారు. పాతికేళ్లు నోటీసులు కొట్టిన మనిషి కాబట్టే అంత తెలివిగా ఆలోచించగలిగారు. చదువురాని మనిషైతే ఆ కవరు తీసుకుని ఎవరి చేతో చదివించుకునేవాడు.

ఆ ఏడు రోజులూ నేను వేళ్ల మీద లెక్కపెట్టాను. ఏడో రోజు సాయంత్రం, పోస్టాఫీసు మూసే వేళ, నాన్నా వెళ్దామా అని అడిగాను. ఆయన విననట్టు రేడియో సరిచేసుకున్నారు.

తర్వాత నెల పైన ఏమీ జరగలేదు. బెల్లు మా గేటు దగ్గర ఆగలేదు. చూశారా, వదిలేశారు అన్నారు నాన్న. అమ్మ కూడా కొంచెం తేలికపడింది, ఉగాది తర్వాత తలంటుకోవడమే మానేసిన మనిషి ఆ ఆదివారం తలంటుకుంది.

మర్నాడు పొద్దున్నే ఇద్దరు మనుషులొచ్చారు. ఒకడి చేతిలో చిన్న బకెట్, అందులో మైదా జిగురు, బ్రష్షు. వీధి తలుపు పక్క గోడకు జిగురు పూయడం మొదలుపెట్టాడు. నాయనమ్మ సినిమా పోస్టర్ల వాళ్లనుకుంది. సున్నం వేసి ఆరు నెలలు కాలేదు, మీకు ఇంకో గోడ దొరకలేదా అని చీపురు పట్టుకుని మీదికెళ్లింది. రెండోవాడు చాలా మర్యాదగా, "పెద్దమ్మా, ఇది సినిమాది కాదు. ఇల్లు వేలమేస్తున్రు" అన్నాడు. నాయనమ్మ చీపురు అలాగే ఎత్తి పట్టుకుని నిలబడిపోయింది.

కాగితం అంటించినట్టు ఇద్దరు సాక్షులు సంతకం పెట్టాలట. కిరాణా కొట్టాయన్ని పిలిచారు, ఎదురింటాయన్ని పిలిచారు. వాళ్లు మా వైపు చూడకుండా సంతకాలు పెట్టారు. కొట్టాయన నాకు రోజూ ఒక బెల్లం ముక్క ఊరికే పెట్టేవాడు. ఆ రోజు పెన్ను తిరిగిస్తూ తల వంచుకున్నాడు. నాన్న ఎక్కడున్నారంటే, లోపలి గదిలో, తలుపు వెనక. ఈసారి ఎవరూ ఆయన గురించి అడగలేదు.

వాళ్లు వెళ్లాక అమ్మ బయటికొచ్చి నోటీసు చూసింది. చింపితే నేరమని వాళ్లు చెప్పి వెళ్లారు. అమ్మ నా లెక్కల పుస్తకం తెమ్మని, నిలబడి ఒక్క ముక్క వదలకుండా ఎక్కించమంది. ఎండలో గోడకు ముఖం పెట్టుకుని రాయడం మొదలుపెట్టాను. వెనక గల్లీలో వచ్చేపోయేవాళ్లు నడక తగ్గించడం చెవులకు తెలుస్తోంది. మా ఇంటి పేరు, నాన్న పేరు, తూర్పు పడమరలు, పదిహేను రోజుల తర్వాత సోమవారం పదకొండు గంటలకు బహిరంగ వేలం. నాలుగో పేరాలో ఒక వాక్యం దగ్గర ఆగి అమ్మను పిలిచాను. 'వాయిదాలను సవరించుటకు బ్యాంకు పంపిన ప్రతిపాదనను స్వీకరించనందున' అని ఉంది. ప్రతిపాదన అంటే ఏంటమ్మా అని అడిగాను.

అమ్మ ఆ వాక్యం వేలితో తడుముతూ తనే రెండుసార్లు చదివింది. జిగురు ఇంకా తడిగానే ఉంది. తర్వాత లోపలికెళ్లి పెళ్లిళ్లకు కట్టే వెంకటగిరి చీర కట్టుకుని వచ్చి, పద అంది.

నాంపల్లి నుంచి అబిడ్స్‌కు నడిచే వెళ్లాం. రిక్షా ఎక్కుదామని నేను అడగలేదు. ఇరానీ హోటలు దాటుతుంటే లోపలి నుంచి చాయ్ వాసన వచ్చింది. జనరల్ పోస్టాఫీసు ముందు నుంచి వెళ్తుంటే నేను అమ్మకు అటువైపు నక్కాను, అక్కడున్న పోస్ట్‌మాన్లందరికీ నా ముఖం తెలుసనిపించింది. అమ్మ నా చేతిని పట్టుకున్న పట్టు నొప్పెట్టింది.

బ్యాంకులో మమ్మల్ని పైఅంతస్తుకు పంపారు. అక్కడ అప్పుల వ్యవహారం చూసే ఆఫీసరు నడివయసు మనిషి, గట్టి గొంతు. అమ్మ ఎవరో చెప్పగానే అట్ట ఫైలు తెప్పించి తెరిచాడు. నాలుగు కవర్లు తీసి బల్ల మీద వరసగా పెట్టాడు. నాలుగూ విప్పనివే. ఒక్కోదాని మీద వంకర పెన్సిలు రాత, పార్టీ ఊళ్లో లేరు. అన్నీ నా మాటలే. కాగితం మీద రాసి, తారీఖు వేసి, ముద్ర కొట్టి ఉన్నాయి.

ఆఫీసరు తెల్లకవరు అంచు చింపి, లోపలి కాగితం అమ్మ వైపు తిప్పాడు. బాకీలో నాలుగో వంతు ఇప్పుడు కడితే మిగతాది ఇంకో అయిదేళ్లకు సర్ది వాయిదా తగ్గిస్తామని, ముప్పై రోజుల్లో వచ్చి ఒప్పుకోమని అందులో ఉంది. ఆ ముప్పై రోజులూ దాటి పదకొండు రోజులైంది.

"అమ్మా, మేం ఇండ్లు అమ్ముకునేతందుకు అప్పులిస్తలేం" అన్నాడు ఆయన. "వేలమేస్తే మాకూ లొల్లే. గందుకే గిది పంపినం. కవరు తీసుకోకున్నా అందినట్టే లెక్క. మొదటి నెలనే వచ్చి నా ముందర కూసుంటే గీడిదాక రాకపోవు." తర్వాత పెన్సిలు రాత మీద వేలు పెట్టాడు. "నిజంగ ఊళ్ల లేకుండెనా మీ సారు?"

అమ్మ అబద్ధం చెప్పలేదు, నిజమూ చెప్పలేకపోయింది. అది చూడలేకపోయాను.

"నాన్న ఇంట్లోనే ఉన్నారు. లేరని నేను చెప్పాను" అన్నాను.

ఆఫీసరు మొదటిసారి నా వైపు చూశాడు. నన్ను తిడతాడనుకుని అమ్మ చీర కుచ్చెళ్లు పట్టుకున్నాను. ఆయన ఫైలు మూసేశాడు, మళ్లీ తెరిచాడు.

"గిది నువ్వు గాదు బిడ్డా, మీ నాయిన చెప్పాలె" అన్నాడు. తర్వాత అమ్మతో, "బేస్తవారం కమిటీ కూసుంటది. అర్జీ రాసుకొని తననే రమ్మనుండ్రి. కవరు ఎందుకు తీసుకోలేదో రాయాలె. పానం బాగలేకుండె, ఊరికి పోయిన, ఇసువంటివి మస్తు చదివినం. అవి రాసేటట్టయితే తేవద్దు, నేను ముందర పెట్ట" అన్నాడు.

ఇంటికొచ్చేసరికి నాన్న వసారాలో కూర్చుని ఉన్నారు. సంగతి విని మండిపడ్డారు. నన్నడగకుండా ఎందుకెళ్లావు, సంసారం బజారుకెక్కించావు అని అరిచారు. అమ్మ చీర మడత పెట్టుకుంటూ మెల్లగా చెప్పింది.

"మీరు ఇంట్లో లేరు కదండీ."

అంత పెద్ద మాట అమ్మ జీవితంలో ఇంకెప్పుడూ అనలేదు. నాయనమ్మ వంటింట్లోంచి కదలకుండా కూర్చుంది. ఆ రోజు ఏ రైలు వచ్చిందో ఏ రైలు పోయిందో మాకెవరికీ పట్టలేదు.

బుధవారం మధ్యాహ్నం నాన్న తెలుగు మిషను రిక్షాలో ఇంటికి తెచ్చుకున్నారు. వసారాలో పీట మీద పెట్టి కాగితం ఎక్కించారు. కీల వైపు చూడకుండా మిషను నడిపే మనిషి, ఊళ్లో సగంమంది కష్టాలకు మాటలు అందించిన మనిషి, నాలుగు వరసలు కొట్టి ఆగిపోయారు. కాగితం లాగి చింపేశారు. నేను ముక్కలు ఏరి అతికించి చూశాను. 'అనారోగ్య కారణముల వలన' అని ఉంది. రెండోది 'అత్యవసర పనిమీద స్వగ్రామమునకు వెళ్లియుండుట చేత'. అదీ చింపేశారు. మూడోదాంట్లో తపాలా శాఖవారి పొరపాటు అని రాసి, అది కొంచెంసేపు చూసి, ముక్కలు ముక్కలుగా చింపారు. ఆ మాటలు తప్ప ఆయన వేళ్లకు ఇంకేమీ రావు. పాతికేళ్లూ అవే కొట్టారు. ఎండ వసారా దాటి గోడెక్కింది. గడువు మర్నాడు పది గంటలకు.

"అమ్మడూ, పుస్తకం పెన్ను తీసుకురా" అన్నారు.

నేను కింద కూర్చున్నాను. ఆయన గోడ వైపు చూస్తూ చెబుతున్నారు, నేను రాస్తున్నాను. గౌరవనీయులైన కమిటీవారికి. నేను టైపిస్టును. పని తగ్గి వాయిదాలు తప్పినాయి. భయపడి ఎవరికీ చెప్పలేదు. కవరు తీసుకోకపోతే నోటీసు అందనట్టేనని అనుకున్నాను, పదిమందికి కూడా అలాగే చెప్పాను. అక్కడిదాకా బాగానే సాగింది. నేను పెన్ను పట్టుకుని ఎదురుచూశాను.

"పోస్ట్‌మాన్ వచ్చిన నాలుగుసార్లూ నేను ఇంట్లోనే ఉన్నాను. లేనని నా కూతురి చేత చెప్పించాను."

రాశాను. అక్షరాలు గుండ్రంగా రావాలని బడిలో చెప్పినట్టే రాశాను.

"చదువు."

మొదటి నుంచి చదివాను. ఆ వాక్యం దగ్గర కూడా ఆపలేదు. వంటింటి గుమ్మంలో అమ్మ, నాయనమ్మ నిలబడి వింటున్నారు. చదవడం అయ్యాక నాన్న ఒక మాట కలపమన్నారు.

"కూతురి అన్న చోట, పదకొండేళ్ల అని ముందు రాయి."

పైన చిన్న గుర్తు పెట్టి రాశాను. ఆయన నా చేతిలోంచి కాగితం తీసుకుని, మోకాలి మీద పెట్టుకుని సంతకం చేశారు.

గురువారం పొద్దున ఆయన ముందు ఇంగ్లీషు మిషను అమ్మారు. ఆ డబ్బుకు అమ్మ దాచిన చిట్టీ డబ్బు కలిపితే నాలుగో వంతుకు దగ్గరగా వచ్చింది. చెప్పులు వేసుకుని, గల్లీ మధ్య నుంచి తలెత్తి నడుచుకుంటూ వెళ్లారు. పది, పన్నెండు, రెండు దాటాయి. ఎవరమూ అన్నం తినలేదు. గోడ మీది నోటీసు ఎండకు ఒక మూల లేచి గాలికి కొట్టుకుంటోంది. వేలానికి ఇంక పదకొండు రోజులే. కాదంటే ఎక్కడికెళ్తామని అమ్మను అడగాలని ఉంది, అడిగితే నిజమైపోతుందని భయం. నాలుగింటికి నాన్న గేటు తీసుకుని వచ్చి మెట్టు మీద కూర్చుండిపోయారు. ఆయన ముఖం చూసి నాయనమ్మ ఏడుపు మొదలుపెట్టింది.

"ఒప్పుకున్నారే" అన్నారు నాన్న. నాయనమ్మ ఆ మాట విన్నాక ఇంకా గట్టిగా ఏడ్చింది.

కమిటీలో అయిదుగురున్నారట. ఆఫీసరు ఆయన్ని ఎదుట నిలబెట్టి అర్జీ పైకి చదివాడట. ఎవరూ ఏమీ ప్రశ్నించలేదట. తక్కువ పడిన డబ్బు నెలలోగా కట్టమని, వేలం ఆపమని రాసిచ్చారు. ఆ కాగితమూ రిజిస్టర్డు పోస్టులోనే రావాలి. అది వచ్చే రోజు నాన్న పదింటి నుంచే గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నారు. పోస్ట్‌మాన్ సైకిలు దిగి, ఏమీ ఎరగనట్టు, సంతకం ఎక్కడ పెట్టాలో చూపించాడు.

ఆ అయిదేళ్లూ సులువుగా గడవలేదు. ముందు గది ఒక కాలేజీ అబ్బాయికి కిరాయికిచ్చి నలుగురం వెనక గదిలో సర్దుకున్నాం. నాన్న ఎదురుగా ఉన్న అద్దాల కొట్టులో ఆ కుర్రవాడి దగ్గరే పనికి చేరి, నలభై ఎనిమిదేళ్ల వయసులో మౌసు పట్టుకోవడం నేర్చుకున్నారు. కుర్రవాడు ఆయన్ని అంకుల్ అనేవాడు. ఎవరైనా వచ్చి కవరు తీసుకోవాలా వద్దా అని అడిగితే, "తీసుకో, తీసుకుని తిన్నగా వాళ్ల దగ్గరికెళ్లి కూర్చో" అని చెప్పేవారట. సగం లాయరు అనే పేరు మెల్లగా మాసిపోయింది.

ఆఖరి వాయిదా కట్టాం. చాలా ఏళ్లకు, నాయనమ్మ పోయాక, ఆ ఇల్లు మేమే అమ్ముకున్నాం, మా ఇష్టంతో, మేమడిగిన ధరకు. ఇప్పుడక్కడ మూడంతస్తుల లాడ్జి ఉంది. కోర్టు గోడ పక్కన టార్పాలిను లేదు, టకటక చప్పుడూ లేదు. ఆ వాసన ఎలా ఉండేదో మా పిల్లలకు చెప్పబోతే, సిరా వాసన ఏముంటుందమ్మా అంటారు.

నాన్న మీద నాకు చాలాకాలం కోపముండేది. అప్పు చేసినందుకు కాదు, ఆ గేటు దగ్గర నన్ను నిలబెట్టినందుకు. ఆయన మంచం పట్టిన ఏడాది ఒకరోజు ధైర్యం చేసి అడిగాను, ఆ కమిటీలో అయిదుగురి ముందు అర్జీ చదువుతుంటే సిగ్గనిపించలేదా అని.

"వాళ్లెవరమ్మా, నేనెవరు" అన్నారు. "వసారాలో నువ్వు చదివి వినిపించావు చూడు, అప్పుడు అనిపించింది. ఇల్లు పోతే పోయింది, ఆ కాగితం చింపేద్దామనుకున్నాను."

మరి ఎందుకు చింపలేదు నాన్నా అని అడిగాను.

ఆయన పైకప్పు వైపు చూస్తూ, "నువ్వంత గుండ్రంగా రాశావు. చింపబుద్ధి కాలేదు" అన్నారు.